నాలుగు వేళ్ల కురచ

పేటలో అందరూ ఆవిడను కర్టెన్లక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా అద్దె గదిలో మిషను ముందు కూర్చుని పరాయివాళ్ల కిటికీలకు కర్టెన్లు కుట్టింది. టేపు మెడలో వేసుకుని ఎన్ని కొత్త ఇళ్ల గడపలు తొక్కిందో లెక్కలేదు. వాళ్ల ఇళ్లు ఎంత పెద్దవైనా ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. తోడికోడలు ఇల్లు కొన్నదని తెలిసిన రోజు మాత్రం కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది.

తోడికోడలు ఆసుపత్రిలో ఆయా. మరిది గోదాములో కాపలా. తమకంటే వాళ్లకేం ఎక్కువని? పైగా తన తర్వాత ఆరేళ్లకు ఆ ఇంట్లో అడుగుపెట్టిన కోడలు.

"లోను దొరికిందట. ఎలాగో నువ్వే అడిగి తెలుసుకోరాదూ?" అన్నాడు బస్సు డ్రైవరైన భర్త.

"నేనా? దాన్నా? నాలుక తెగిపడినా అడగను."

వారం తిరక్కుండా తోడికోడలే వచ్చి, కూలి ముందే చేతిలో పెట్టి, కర్టెన్లు నువ్వే కుట్టాలని పట్టుబట్టింది. కాదంటే లోపలి మంట బయటపడుతుంది. వెళ్లక తప్పలేదు. ఏడు కిటికీలు. టేపు ఒక కొస తను, మరో కొస తోడికోడలు పట్టుకుని కొలతలు తీశారు. "అక్కా, ఈ అలమారా చూడు, ఈ గచ్చు చూడు" అన్నప్పుడల్లా పుండు మీద కారం చల్లినట్టుండేది. "బాగుంది" అనే మాటను పంటి కింద రాయిలా నమిలింది.

మర్నాడు హాలు కర్టెన్లకు గుడ్డ పరిచి, కత్తెర పట్టుకుంది. కొలత దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాలుగు వేళ్లు ఇవతలికి జరిగింది. కరకరమని కోసేసింది.

తగిలించిన రోజు కర్టెన్లు పొట్టి లాగులా వేలాడాయి. తోడికోడలు అంచు పట్టుకుని మెల్లగా కిందికి లాగి చూసింది. ఎవరూ ఏమీ అనకముందే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, "గుడ్డే అలాంటిది, ముడుచుకుపోయింది" అంది కర్టెన్లక్క.

"పోనీలే అక్కా" అని తోడికోడలు మాట మార్చింది. "అవునూ, ఆ ఇళ్ల పథకం ఆఫీసుకి వెళ్లొచ్చారా? మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి ముందు కట్టాల్సిన సొమ్ములో సగం వాళ్లే ఇస్తారు. బ్యాంకు కాగితాలు కూడా దగ్గరుండి రాయిస్తారు. ఈ శుక్రవారమే ఆఖరు. బావగారికి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పానే!"

ఆ పెద్దమనిషి భార్య నోటికి జడిసి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయనకు పడిన అక్షింతలు ఇన్నీ అన్నీ కావు.

గురువారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లింది. కళ్లజోడును తాడుతో మెడలో వేలాడేసుకున్న ఉద్యోగిని కాగితాలు తిప్పింది. "జీతం చీటీ ఉందామ్మా?"

"కుట్టుపనికి జీతం చీటీ ఎవరిస్తారండీ?"

"అయితే మీ ఆర్డర్ల పుస్తకాలు తెండి. మీతో పని చేయించుకున్న ముగ్గురి దగ్గర ఉత్తరాలు కూడా. డబ్బిచ్చి చేయించుకుంటే చాలు, చుట్టాలైనా ఫర్వాలేదు. రేపు అయిదులోపు ఇవ్వాలి."

ఇద్దరు వెంటనే రాసిచ్చారు. మూడో ఆవిడ ఇంటికి తాళం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇక దారిలేక తోడికోడలి తలుపు తట్టింది. ఆమె కాగితం తీసి, ఆ పొట్టి కర్టెన్ల పక్కనే కూర్చుని రాసింది: మా ఇంటి కర్టెన్లన్నీ ఈవిడే కుట్టింది, కొలతలో వెంట్రుకవాసి తేడా రాదు.

కర్టెన్లక్కకు సిగ్గుతో మొహం కందగడ్డయింది. "ఆ కొలతల మాట కొట్టెయ్యి. కావాలనే కురచగా కోశాను."

"తెలుసక్కా. టేపు రెండో కొస పట్టుకుంది నేనేగా."

"మరి నిలదీయలేదేం?"

తోడికోడలు కలం మూత పెట్టింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో నువ్వు మిషను కొనుక్కున్నావు చూడు, నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. దాని సూది విరగ్గొట్టింది నేనే."

"నువ్వా! పాపం, ఆ సూది కోసం మీ బావగారిని నెల్లాళ్లు తిట్టాను కదే!"

ఇద్దరికీ నవ్వాగలేదు. ఉత్తరం అందించేసరికి ఆఫీసు గడియారం అయిదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆ హాలు కర్టెన్లను ఆమె సొంత గుడ్డతో మళ్లీ కుట్టి ఇచ్చింది. బ్యాంకు ఒకసారి దరఖాస్తు తిప్పి పంపింది. ఉద్యోగిని తప్పు దిద్దించి మళ్లీ పెట్టించింది. మూడో నెలలో లోను వచ్చింది, ఇరవై ఏళ్ల వాయిదాలతో. కొన్నది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. లిఫ్టు లేదు. కుళ్లు పూర్తిగా పోయిందంటే అబద్ధమే. మెట్లెక్కి రొప్పినప్పుడల్లా తోడికోడలి కింది అంతస్తు ఇల్లు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది.

కొత్తింట్లో దిగిన నాలుగో రోజు తోడికోడలు చూడ్డానికి వచ్చింది. వంటింట్లోకి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయింది. పొద్దుటి ఎండ గట్టు మీద, గిన్నెల మీద, గోడ దాకా పరుచుకుని ఉంది.

"మా వంటింట్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలక్కా" అంది పెదవి బిగించి.

ఆ బిగింపు ఏమిటో కర్టెన్లక్కకు ఒకరు చెప్పాలా? చాలా కాలానికి ఆమె కడుపు చల్లబడింది. కుర్చీని సరిగ్గా ఎండ పడేచోటికి లాగింది.

"ఇక్కడ కూర్చోవే. హాయిగా ఉంటుంది" అంది ఎంతో ప్రేమగా.