టీచరుగారి బార

టీచరుగారు పోయారన్న కబురు నాకు రావులపాలెం అరటి మార్కెట్లో తెలిసింది. వ్యాను మీంచి గెలలు దింపిస్తున్నాను. మా ఊళ్ళో ఆటో నడిపే అతను ఫోన్ చేసి, "బాబాయిగారూ, టీచరుగారు పోయారండి. పొద్దున్న ఇంక లేవలేదంట" అన్నాడు. అది విని నేను మొదట చేసిన పని, గెలలు దింపుతున్న అతని మీద కేకలెయ్యడం. మెల్లిగా దింపమని అరిచాను. మెల్లిగానే దింపుతున్నాడు పాపం. నా తీరే అంత, ఏడుపు కూడా నాకు కోపంలాగే బయటికొస్తుంది.

ఆవిడ మా లంకలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి మీద చేపలు పట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. మనిషి బాగా పొట్టి, నా భుజం దాకా కూడా రారు. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆవిడ చేతి గుడ్డు తిని పెరిగినవాళ్ళే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోకుండా ఈసారి మమ్మల్ని, అంటే మీసాలు నెరిసిన రైతుల్ని, బడిలో వేసుకున్నారు.

లంక ఎరగని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. గోదావరి మధ్యలో ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేల ఇది. ఏరే ఇచ్చింది, ఏరే పట్టుకుపోతుంది. ఏటా వరదకి ఒడ్డు కోసుకుపోతూనే ఉంటుంది. మేం చేసేదల్లా నీళ్ళ అంచు దాకా అరటి వేసి, భారం దేవుడి మీద పడెయ్యడం. టీచరుగారు వేరే దారి చెప్పారు. ఒడ్డు పొడుగునా ప్రతి రైతూ మూడు బారల నేల వదిలెయ్యాలి, అందులో పంట వెయ్యకుండా రెల్లూ వట్టివేరూ పెంచాలి, ఆ వేళ్ళే మట్టిని పట్టుకుంటాయి అన్నారు. ఆదివారం పొద్దున్నే ఆవిడా, ఆటో అతనూ, టైలరుగారూ, డ్వాక్రా ఆడవాళ్ళు నలుగురూ గునపాలు పట్టుకుని బయల్దేరేవారు. జీతం లేదు, బోర్డు లేదు. ఊళ్ళో వాళ్ళని గట్టు జట్టు అనేవాళ్ళు, మొదట్లో వెక్కిరింతగానే.

బార అంటే చేతులు రెండూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా. కొలత ఎప్పుడూ ఆవిడ చేతులతోనే. ఒక చెయ్యి ఏటి వైపూ ఒక చెయ్యి చేని వైపూ చాపి నిలబడేవారు, వేలి కొస దగ్గర ఎవరో ఒకరు కర్ర పాతేవారు. నా దగ్గర టేపుంది కదండీ అని టైలరుగారు ఓసారి అంటే, "టేపు పడితే సర్వేయరు వచ్చాడని తలుపులేసుకుంటారండి. చెయ్యి చాపితే, పాపం అడుక్కోడానికి వచ్చింది అనుకుంటారు. అడిగితేనే కదండీ ఎవరైనా ఇచ్చేది" అన్నారు. పైగా ఆవిడ బార చిన్నది. ఇచ్చే రైతుకి అది కూడా కలిసొచ్చేది.

మా వైపు ఇంచుమించు అందరూ ఇచ్చారు. నేను ఇవ్వలేదు. మా గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషిని పట్టుకుని, "మీకు సెంటు భూమి లేదు. మా భూములు వదలమనడానికి మీరెవరండి?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకోలేదు. ఏటి వైపు చెయ్యి చూపించి, "అదిగో, ఆ పడవ ఉంది చూశారా, అక్కడండి మా ఇల్లు. పొయ్యి సరిగ్గా ఆ తెడ్డు ఉన్న చోట ఉండేది" అన్నారు. మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ పడవ కింద లోతు ఎంతో నాకు తెలుసు. అయినా ఇవ్వలేదు.

రెండేళ్ళు పోయాక పెద్ద వరద వచ్చింది. గడ్డి దట్టంగా అల్లుకున్న చోట ఒడ్డు నిలబడింది. ఏటికి సందు దొరికింది నా చేను దగ్గరే. రెండు వరసల చక్కెరకేళి గెలలతో సహా నా కళ్ళ ముందే నీళ్ళలోకి ఒరిగిపోయింది. అంతటితో పోతే నా ఖర్మ అనుకునేవాణ్ణి. నా సందులోంచి నీళ్ళు సుడి తిరిగి, బుద్ధిగా గడ్డి వేసుకున్న పక్క చేలని కూడా కొరికాయి.

నీళ్ళు తీశాక మొదటి ఆదివారం జట్టు మా చేను దగ్గరకొచ్చి ఆగింది. చీవాట్లకి సిద్ధపడే నిలబడ్డాను. "లోపలికి రమ్మంటారా అండి?" అన్నారు టీచరుగారు. తల ఊపాను. తెగిన ఒడ్డు అంచుకి వెళ్ళి, "ఇప్పుడు ఏరు ఇక్కడుందండి. ఇక్కణ్ణుంచే కొలుద్దాం" అని చేతులు చాపారు. పని మొదలెట్టేముందు వచ్చిన ప్రతివాడికీ ఉడకబెట్టిన గుడ్డు పెట్టడం ఆవిడ అలవాటు, 'గుడ్డు తిన్నాకే గునపం' అనేవారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. యాభై దాటినవాణ్ణి, గుడ్డు పట్టుకుని చేలో నిలబడి ఏడ్చాను.

జట్టులో చేరాక నేను చేసిన మొదటి ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. ఓ సాయంత్రం ఒడ్డుకి వెళ్తే మూడు బారల్లోనూ పచ్చగా గడ్డి లేచి ఉంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గడ్డి పీకడమే సేద్యం అనుకున్నవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? శుభ్రంగా రెండు వరసలు పీకేశాక గుర్తొచ్చింది, అది మేం వేసిన రెల్లేనని. టీచరుగారు వచ్చి చూసి, నవ్వాపుకుంటూ, "ఈయన్ని గడ్డి దగ్గర ఒంటరిగా వదలకండి" అని జట్టందరికీ చెప్పారు. ఏడాది పాటు ఆ మాట పట్టుకుని నన్ను ఏడిపించారు. నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉండేది.

ఈ వేసవిలో మా దిగువ చేను ఆయన, ఇన్నాళ్ళూ నాకంటే మొండిగా కూర్చున్నవాడు, చివరికి ఆవిడకి మాటిచ్చాడు. కొలవకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. వరద ఎర్రనీళ్ళు రావడానికి ఇంక నెల కూడా లేదు. ఏరు ఈమధ్య అటే మళ్ళింది. ఆ సందు అలాగే ఉంటే ఈసారి మా అందరి ఒడ్డూ పోతుంది.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం, ఇంక ఎవరొస్తారులే అనుకుంటూనే బయల్దేరాను. నాలుగు గుడ్లు చాలని చెప్తే మా ఆవిడ వినకుండా గిన్నెడు ఉడకబెట్టి ఇచ్చింది. తీరా వెళ్తే అందరూ ఉన్నారు, కొత్తవాళ్ళు కూడా వచ్చారు. గుడ్లు చాలలేదు.

కొలవమని కర్ర నా చేతికిచ్చారు. దిగువ చేను ఆయన ఒప్పుకోలేదు. "నేను మాటిచ్చింది టీచరుగారి బారకండి. ఈయన చేతులు తాటిమట్టల్లా ఉన్నాయి. ఇది తర్వాత చూద్దాం లెండి" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. మామూలుగా అయితే అక్కడే కలబడేవాణ్ణి. "కాసేపు ఆగండి" అని మా చేలోకి వెళ్ళాను.

మా ఒడ్డు మీద బారకొకటి చొప్పున ఆవిడ పాతించిన కర్రలు అలాగే ఉన్నాయి. రెండు కర్రల మధ్య నిలబడి చేతులు చాపాను. అవతలికి పోయాయి. వేలి కొసలు సరిగ్గా కర్రలకి తగిలేదాకా మోచేతులు వంచుకుంటూ వచ్చాను. ఇంతేనా ఈవిడ అనిపించింది. ఇంత చిన్న చేతులతో ఇంత ఒడ్డు పట్టుకుందా అనిపించింది. ఆ వంపు చెడకుండా, చేతులు అలాగే పెట్టుకుని, గట్టు వెంట నడుచుకుంటూ తిరిగి వచ్చాను.

నన్ను చూసి ఆటో అతను నవ్వాడు, నవ్వుతూనే మొహం అటు తిప్పేసుకున్నాడు. దిగువ చేను ఆయన నా చేతుల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "ఆయ్, అదేనండి ఆవిడ బార" అని కర్ర తనే అందుకున్నాడు. మధ్యాహ్నానికల్లా అక్కడ గడ్డి వేసేశాం.

సాయంత్రం ఒక్కణ్ణే మళ్ళీ మా చేలోకి వెళ్ళాను. ఏటి అంచున నిలబడి, ఈసారి మోచేతులు వంచకుండా, నా చేతులు ఉన్నంత మేరా చాపి మూడు బారలు కొలిచాను. ఆవిడ పాతించిన చివరి కర్ర తియ్యలేదు. దానికి ఇవతల, చేని వైపుకి, నా కర్ర పాతాను. రెండు కర్రల మధ్యా ఒక వరస చక్కెరకేళి ఉంది. ఆ గెలలు దిగాక ఓ ఆదివారం అక్కడ రెల్లు వేస్తాం. నన్ను ఒంటరిగా వెయ్యనివ్వరు కదా.