జల్లెడ పట్టిన పొడి

మేడ్చల్ పారిశ్రామికవాడలో మేం చేసే తెల్లటి పొడి చమురు బావుల్లోకి పోతుంది. బావిలో దింపిన ఇనుప గొట్టానికీ చుట్టూ ఉన్న రాతికీ మధ్య సిమెంటు పంపుతారు. అడుగున ఇసుకరాయి ఆ సిమెంటులోని నీళ్లు తాగేస్తే, అది సగం దారిలోనే బిగుసుకుంటుంది. సందు దొరికి గ్యాసు పైకి తన్నితే, పైన నిలబడ్డ మనుషుల గతి ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్లు పోకుండా పట్టి ఉంచడమే మా పొడి పని. పట్టి ఉంచుతుందో లేదో చూసి చెప్పడం నా పని.

ఆ వానాకాలం గోదాము రేకులు కారాయి. బస్తాల్లో పొడి చెమ్మగిల్లి ఉండలు కట్టింది. నీళ్లలో వేస్తే ఆ ఉండలు పైన జిగటగా ఉబ్బి, లోపల పొడిగానే ఉండిపోతాయి, సరిగ్గా కలపని జావలో లాగే. వేలితో తాకితే చీమిడి అంటుకున్నట్టే ఉంటుంది, ఛీ! మా మేనేజరుకు మాత్రం అదేం పట్టలేదు. ఆయనకో పద్ధతుంది. పరీక్షకు తెచ్చిన పొడిని ముందు జల్లెడ పట్టించి, ఉండలు పారేయించి, మెత్తటిదే సిమెంటులో కలపమంటాడు. బస్తాలు మాత్రం ఉండలతోనే లారీ ఎక్కుతాయి.

"బావి కాడ ఎవరు జల్లెడ పడతరు సార్?" అని అడిగాను.

"గదంతా నీకెందుకమ్మా? పరేషాన్ గాకు, చెప్పింది చెయ్యి."

ఒళ్లు మండింది. సరుకు కొనే కంపెనీ నుంచి ఒక ఇంజనీరు పరీక్షను కళ్లారా చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. బావి దగ్గర పనిచేసేవాడే అయ్యుంటాడనుకున్నాను. అసలు సంగతి కనబడితే తన ప్రాణం కోసమైనా లారీ ఆపుతాడు కదా!

ఆయన వచ్చిన రోజు బస్తాలోంచి తీసిన పొడిని ఉన్నదున్నట్టే కలిపాను. వేడి చేసిన ఇనుప గిన్నెలో ఆ సిమెంటు పోసి, మూత బిగించి, పైనుంచి గ్యాసు ఒత్తిడి పెట్టాను. గిన్నె అడుగున సన్నటి జాలీ ఉంటుంది, అందులోంచి నీళ్లు చుక్కచుక్కగా రావాలి. ధార కట్టాయి. కాసేపటికి నీళ్లయిపోయి, బుస్సుమని గ్యాసే తన్నింది. మూత విప్పితే లోపల గట్టి పెడ్డ, దాన్నిండా చీమిడి ఉండలు.

మేనేజరు ఇకిలించాడు. "జల్లెడ పట్టుడు మర్సిపోయినట్టుంది సార్."

"మర్సిపోలే. బస్తాల ఎట్లుందో గట్లనే ఏసిన. మీ బావికి గిదే వస్తది సార్," అన్నాను ఇంజనీరుతో.

ఆయన పెడ్డ వైపు చూశాడు, వాచీ వైపు చూశాడు. "మేడమ్, నేను బావి కాడ ఉండ, ఆఫీసుల ఉంట. ఫెయిలైన రిపోర్టు వట్కపోతె మా సార్ నన్ను తిడతడు. ఇంకోసారి చెయ్యుండ్రి, జర మంచిగ చెయ్యుండ్రి."

మేనేజరంటే ముందునుంచీ అసహ్యమే, ఈయన్ని చూస్తే వాంతి వచ్చేలా ఉంది. "మీరే చేస్కోండ్రి," అని గ్లవ్స్ విప్పి బల్ల మీద కొట్టాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా మేనేజరే కూర్చుని జల్లెడ పట్టాడు. నీళ్లు బుద్ధిగా చుక్కచుక్క రాలాయి. ఇద్దరూ చేతులు కలుపుకుని, శామీర్‌పేట చెరువు పక్క ధాబాలో చేపల కూర తినడానికి పోయారు.

సాయంత్రం లారీ బయలుదేరింది. ఆ సిమెంటు పోసే రోజు బావి దగ్గర డ్యూటీలో ఎవరుంటారో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.