జర్మనీ హోటలూ మా అప్ప మొదటి అట్టూ

మా అప్పకి, అంటే మా అక్కకి, మోకాలి ఆపరేషను చేసిన డాక్టరు నలభై ఐదు రోజులు ఇల్లు కదలొద్దని చెప్పి చక్కా పోయేడు. చోడవరం బస్టాండు ఎదురుగా ఇరవై రెండేళ్ళు పెనం ముందు నిలబడి అట్లు పోసిన మనిషిని కూర్చోబెట్టడమంటే, నడుస్తున్న బస్సుని చేత్తో ఆపడమేనని ఆయనకి తెలీదు. నేనొకసారి అనకాపల్లి బస్సుని అలాగే ఆపేను, అదిప్పుడు వద్దులెండి.

దాంతో హోటలు కోడలి చేతికొచ్చింది. మా అప్ప కొడుకు విశాఖపట్నంలో పనికి పొద్దున్నే బస్సు పట్టుకుని పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. అతని పెళ్ళానికి పెళ్ళయి ఆరేళ్ళయినా, పచ్చడి రుబ్బడం, ప్లేట్లు అందివ్వడమే తప్ప పెనం దగ్గర చోటు దొరకలేదు.

మా అప్ప హోటల్లో ఒక పద్ధతుంది. పొద్దున పోసిన మొదటి అట్టు ఎవరికీ అమ్మదు. అప్పటికి పెనం ఇంకా దారికి రాదు, అట్టు అంటుకుంటుంది, చిరుగుతుంది. దాన్ని తనే పొయ్యి పక్కన నిలబడి, పచ్చడి లేకుండా తింటుంది. పిండిలో ఉప్పెంత, పులుపెంత, కింద మంటెంత అన్నీ ఆ ఒక్క అట్టుతో తేల్చుకుంటుంది. రెండో అట్టు నుంచే జనానికి. ఎంత తెలిసినవాడు తొందరపెట్టినా ఒకటే మాట: "ఆగు బాబూ, ఇది నాది."

నాది సెల్లు రిపేరు కొట్టు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఈగలు కూడా రావు. అందుకని అప్పకి కాలక్షేపం చేసే పని నా మీద పడింది. ఫోనుని టీవీకి తగిలించి ఏదో సీరియలు పెట్టబోయేను.

"అత్తా కోడలూ కొట్టుకోడం సూడ్డానికి టీవీ దేనికిరా, మనిల్లు లేదేటి?" అంది అప్ప. "హోటలు కథేదైనా ఉంటే పెట్టు."

హోటలని కొట్టి వెతికితే జర్మనీది ఒకటి దొరికింది. వందేళ్ళ కిందటి కథ. బాగా కలిగిన కుటుంబం, వాళ్ళకో మహా హోటలు, గుమ్మం ముందు గుర్రబ్బళ్ళు, మెట్ల మీద ఎర్ర తివాచీ. మాటలు జర్మనీవి, కింద ఇంగ్లీషు అక్షరాలు. అప్పకి రెండూ రావు. నాకు జర్మనీ అసలే రాదు, ఇంగ్లీషు ఛార్జరు డబ్బా మీద ఉన్నంత మేరకి వచ్చు. అయినా కథ చెప్పడానికి భాష కావాలని నేనెప్పుడూ అనుకోలేదు. బుచ్చయ్యపేటలో బెల్లం పెనంలో పడిన సెల్లుని తీసి ఆరబెడితే, అప్పట్నుంచి రింగుటోను తియ్యగా మోగుతోందని నేను చెప్తే, ఆ మోత వినడానికి ముగ్గురొచ్చేరు.

మొదటిరోజు చూసేక ఎలాగుందప్పా అని అడిగేను.

"మొదటి అట్టుని బట్టి సెప్పకూడదు" అంది.

రెండోరోజు నుంచి మాత్రం ఆగలేదు. "ఒచ్చినోడు కూర్సుని ఇంతసేపయింది, మంచినీళ్ళిచ్చినోడు లేడు. గిన్నెలో ఆ సూపు సూడు, పొగే లేదు. ఆ వంటోడి నడుం సూసేవా? కర్రలాగుంది. ఆడు జన్మలో పొయ్యి ముందు నిలబడ్డోడు కాడు." మొత్తం ఆ ఇంట్లో ఆవిడకి నచ్చినది ఒక్కర్తే, గ్లాసుల పళ్ళెం మోసే పనమ్మాయి. "ఆ గుంట సూడు, గ్లాసు అంచు ముట్టుకోలేదు. అది పనిమంతురాలు." ఆ అమ్మాయికి కథలో రెండే రెండు మాటలు.

ఇలా సాగుతుండగా, ఒకరోజు కోడలు నాకు టిఫిను పొట్లం పట్టుకుని కొట్టుకొచ్చింది. ఇచ్చేక కూడా కదల్లేదు.

"చిన్నాన్నా, అత్తకి మోకాలు బాగయ్యేక నన్ను మళ్ళీ పచ్చడి దగ్గరికే తోలీస్తాది" అంది. "ఇన్నాళ్ళు పోసేను. ఇప్పుడు నా సెయ్యి పెనం ఒదల్నంటంది."

"నన్ను అడగమంటావా?"

"అడిగితే అడిగించేనని కోపం. మీరెలాగూ లేనిపోనివన్నీ సెప్తారు కదా. రాత్రయితే అత్త సెప్తాదే, ఆ జర్మనీ ముసలమ్మ, దాని సేత ఓ మాట సెప్పించండి."

అంత గౌరవంగా నన్నెవరూ పని అడగలేదు.

ఆ కథలో నల్లగౌను వేసుకుని, నడుముకి తాళాల గుత్తి కట్టుకున్న ఒక పెద్దావిడుంది. ఆవిడకి బంగారురంగు జుట్టు కోడలొకతె ఉంది. ఆవేళ ఇద్దరూ ఏదో కాగితం గురించి కరుచుకుంటున్నారు. నేను మొదలుపెట్టేను: "అమ్మా కోడలా, నీ చేతి కూడు తిన్నాక నా చేతులకి సెలవిచ్చేద్దామని ఉందే, అంటోందప్పా."

"అలాగన్నాదా? మరి మొగం అలాగ పెట్టిందేటి?"

"చలిదేశం కదా. ప్రేమొచ్చినా వాళ్ళ మొహం అలాగే ఉంటుంది."

తర్వాత రెండు భాగాల్లో ఆ పెద్దావిడ కనబడలేదు. ఇంకేం, నాకు కాలవగట్టు తెగినట్టయింది. తాళాలు కోడలికిచ్చేసి తీర్థయాత్రకి పోయిందన్నాను. అక్కడే హాయిగా కన్నుమూసిందన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా, దినానికి నలభై బళ్ళ జనం వచ్చేరనీ, కోడలు ఒక్కచేత్తో అందరికీ వండి పెట్టిందనీ కూడా అన్నాను. అప్ప టీవీకి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

మర్నాడు టీవీ పెట్టగానే ఆ పెద్దావిడ మెట్లు దిగుతూ వచ్చింది. అదే నల్లగౌను. అవే తాళాలు. వచ్చి కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది.

"సచ్చిపోయిందన్నావు" అంది అప్ప.

"చెల్లెలప్పా. కవలలు."

"మరి తాళాలో? తాళాలు కూడా కవలలేనా?"

నలభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి నాకు అబద్ధం అందలేదు.

"టీవీ కట్టీ" అంది. "కోడలు సెప్పమందా ఇదంతా?"

నేను ఫోను వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను.

"రేపట్నుంచి రాకు."

సాయంత్రం హోటలుకెళ్ళి జరిగింది చెప్పేను. అబద్ధం దొరికిపోవడం నాకు కొత్త కాదు కానీ, ఈసారి పోయేది ఇంకొకరి చోటు. కోడలు పెనం తుడుస్తూ విన్నది.

"ముసలమ్మని సంపి ఊరుకోలేకపోయేరా చిన్నాన్నా? దినం భోజనాలు కూడా పెట్టించాలా?" అంది. నవ్వింది కానీ తర్వాత చాలాసేపు తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయింది.

నలభై ఐదో రోజు దాటిన మర్నాడు తెల్లవారుతుండగా అప్ప ఫోను చేసింది. ఆటో తీసుకుని రమ్మంది, కోడలికి చెప్పొద్దంది. చేతికర్రతో ఆటో ఎక్కింది. హోటలు ఎదురుగా ఆపించి దిగకుండా చూస్తూ కూర్చుంది.

కోడలు మావైపు వీపు పెట్టి ఉంది. మొదటి అట్టు పోసింది. అంటుకుంది. అట్లకాడతో గీకి తీసింది. మొదటి బస్సు కండక్టరు బల్ల మీంచి, "సిరిగినా పర్లేదు, అదే ఇచ్చీమ్మా, బస్సు కదిలిపోతాది" అన్నాడు.

"ఆగు బాబూ, ఇది నాది" అంది కోడలు.

పొయ్యి పక్కన నిలబడి, పచ్చడి లేకుండా తిన్నది. ఒక్క క్షణం ఆలోచించి, చిటికెడు ఉప్పు తీసి పిండిలో కలిపింది. రెండో అట్టు పోసింది.

అప్ప ఆటోలోంచి ముందుకి వంగింది. "నాను నేర్పలేదురా" అంది నెమ్మదిగా. తర్వాత నావైపు తిరిగింది. "ఆ జర్మనీదాన్లో ఒక్కరైనా ఇలాగ తిని సూసుకున్నారా?"

"లేదప్పా." ఇది నిజమే.

"అందుకే అది బాగులేదు. అత్త తాళాలు సూసుకుంది, కోడలు అత్త నడుం సూసింది. పొయ్యికేసి సూసినోరు లేరు. ఆ గ్లాసుల గుంటకి ఇచ్చీసుంటే హోటలు బాగుపడును."

నా భుజం పట్టుకుని దిగి, కర్ర పొడుచుకుంటూ లోపలికెళ్ళింది. కోడలు చూసి, అట్లకాడ పెనం పక్కన పెట్టి, పచ్చడి గ్రైండరు వైపు జరిగింది. ఆరేళ్ళ అలవాటు.

మా అప్ప పొయ్యి దగ్గరికి పోలేదు. కండక్టరు పక్కన బల్ల మీద కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల మీద ఆవిడ కూర్చోగా నేను చూడలేదు.

"అలా నిలబడ్డావేటే? అట్టు మాడిపోతంది. నాకు రెండు, ఉల్లిపాయ ఎక్కువెయ్యి."

కోడలు మళ్ళీ అట్లకాడ తీసుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలే అనుకుందాం. అట్టు వచ్చేక అప్ప ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మేం ముగ్గురం, కండక్టరుతో సహా, ఆ దవడ కదలడం చూస్తున్నాం.

"ఉప్పు సరిపోయింది" అంది.

రెండో అట్టు సగంలో ఉండగా నన్ను పిలిచింది. "ఇంతకీ ఆ ముసలమ్మ ఏటయింది?"

"తెలీదప్పా. నువ్వొద్దన్నాక నేనూ చూళ్ళేదు."

"అయితే మద్దేన్నం రా. ఈసారి నువ్వు నోరు మూసుకుని కూర్సో. కథ నాను సెప్తాను."