కోటు తొడిగిన ఫోటో

మొన్న పింఛను కార్డుకు లామినేషన్ చేయిద్దామని బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్లాను. మిషన్ వేడెక్కి, కార్డును నోట్లోకి లాక్కుని, అటువైపు నుంచి మెల్లగా బయటికి తోస్తుంటే ఆ వాసన వచ్చింది. కాలీకాలని ప్లాస్టిక్ వాసన. షాపతను "ఐపోయింది మామ్మా, తీసుకో" అంటున్నాడు. నేను మాత్రం అక్కడ లేను. సుభద్రమ్మగారి స్టూడియోలో, నల్ల తెర పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను. కార్డు చల్లారేదాకా చేతిలో పట్టుకునే ఇంటికి వచ్చాను. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అందుకని పక్కింటి టీచరమ్మను కూర్చోబెట్టుకుని చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

సుభద్రమ్మగారిని మీరెవరూ చూసి ఉండరు. బక్కమనిషి. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేలాడేసుకునేవారు. వాళ్లది నెమలి అనే ఊళ్లో పూజారుల కుటుంబం. తండ్రి హారతిపళ్లెం వదిలేసి కెమెరా పట్టుకున్నాడని అక్కడ చెప్పుకునేవారట. ఆయన తిరువూరు వచ్చి స్టూడియో పెట్టాడు, ఆయన పోయాక ఈమె నడిపారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఫోటోలు తీసీ తీసీ పెళ్లంటే మొహం మొత్తింది" అనేవారు. నవ్వితే నోరు తెరిచేవారు కాదు, ముక్కుతోనే నవ్వేవారు. తండ్రి ఫిల్ములు కడిగిన చీకటి గదిలో కొత్తగా కంప్యూటర్ పెట్టిన రోజులవి. మధ్యాహ్నం అందులోనే ఓ మూల తెర వేసుకుని ఒక్కరే అన్నం తినేవారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందు నేను ఆమె దగ్గరికి పోయింది మా ఆయన ముఖం కోసం.

మా ఆయన రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయ కోసేవాడు. కాయల లోడుతో వస్తున్న ట్రాక్టర్ తిరగబడింది. అంతే. పోయాక చూస్తే ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. మా పెళ్లికి ఫోటోలు తీయించే స్తోమత లేదు, తర్వాత ఆ ఊసే రాలేదు. ఎక్కడో వెతికితే మా ఆడబిడ్డ పెళ్లిలో, గంపలగూడెంలో తీసిన బంధువుల ఫోటో ఒకటి దొరికింది. ఆ మూలన, చివర, సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందున్న పొడుగాటి మనిషి తల అడ్డమొచ్చి ముఖం సగమే కనపడుతోంది. ఎడమ కన్ను, ఎడమ కనుబొమ్మ మీద కొమ్మ గీరుకున్న మచ్చ, సగం మీసం. ముఖమంతా కలిపి చింతగింజంత.

సంవత్సరీకం దగ్గర పడుతోందని మా అత్త ఆ ఫోటో కొంగులో చుట్టుకుని నన్ను వెంటేసుకుని స్టూడియోకు వెళ్లింది. గోడల నిండా కోట్లు వేసుకున్న మగవాళ్లే. వాళ్లలో సగం మంది బతికుండగా కోటు ముఖం ఎరగని వాళ్లు. చచ్చిపోయిన మనిషికి కోటు తొడిగించడం అప్పట్లో మా వైపు మర్యాద. కంప్యూటర్లో నల్లది, నీలంది తయారుగా ఉండేవి. తలకాయ ఒక్కటి తెచ్చిస్తే చాలు.

"నా కొడుక్కి నల్లకోటు తొడగమ్మా," అంది మా అత్త. "బతికుండగా చొక్కా గుండీలకే దిక్కులేదు. పోయాకైనా దొరబాబులా ఉండనీ."

"సగం ముఖమే ఉందమ్మా ఇందులో," అన్నారు సుభద్రమ్మగారు.

"మిగతా సగం మీ మిషన్‌కి తెలీదా?"

ఆమె ముక్కుతో నవ్వి, చేస్తానన్నారు. ఎలా చేశారో తర్వాత నాకే చూపించారు. ఉన్న సగాన్ని కత్తిరించి, అద్దంలో బొమ్మలా తిరగేసి, రెండోవైపు అతికించారు. మెడ కింద కోటు. వెనక నీలిరంగు. మా అత్త చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, అచ్చం నా బిడ్డే అంది. అది ఎవరో నాకు తెలియలేదు. రెండు కనుబొమ్మల మీదా రెండు మచ్చలు. మూతి తక్కెడ కట్టినట్టు తిన్నగా ఉంది. మా ఆయన మూతి ఏనాడూ తిన్నగా లేదు. నవ్వినా కసిరినా ఒకవైపుకే పోయేది.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. "అమ్మా, ఆయనకు దెబ్బ ఒక్కటే తగిలింది," అన్నాను. వేరేవాళ్లయితే డబ్బులిచ్చాక గొడవేంటని కసిరి పంపేవాళ్లు. ఆమె కళ్లజోడు పెట్టుకుని నా వైపు చాలాసేపు చూసి, రెండో మచ్చ చెరిపేశారు. "ఇప్పుడు?" అన్నారు. కాదన్నాను. ఏది కాదో చెప్పమన్నారు. చెప్పడం నాకు చేతకాలేదు. అప్పుడామె కుర్చీలోంచి లేచారు.

"నోటితో చెప్పలేకపోతే చేత్తో చూపించు. కూర్చో."

కంప్యూటర్ కుర్చీలో నేను కూర్చోవడమేంటి? చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మౌస్ నా అరచేతి కింద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టారు. ఆయన పోయాక నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమే. ఎదురొస్తే పక్కకు తప్పుకునే జనం మధ్యన ఉన్నదాన్ని. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

అలా చేరాను. పొద్దున స్టూడియో ఊడ్చి, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి, కార్డులకు లామినేషన్ చేసేదాన్ని. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె పాఠం చెప్పేవారు. ఫోటో అంటే చుక్కల ముగ్గే అన్నారు. ముగ్గు పెద్దగా కనపడాలని చుక్కలు ఎడంగా పెడితే ఏమవుతుంది? గీత నిలవదు. చింతగింజంత ముఖాన్ని పళ్లెమంత చేయమంటే కంప్యూటర్ చుక్కలు సాగదీస్తుంది తప్ప కొత్తవి ఎక్కడినుంచి తెస్తుంది? తెచ్చినా అవి మీ ఆయనవి కావు, దాని ఊహవి అన్నారు. ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా తలకెక్కలేదు.

దాచుకోవడం కూడా అలాగే చెప్పారు. ఫోటోను దాచే ఫైళ్లు రకరకాలట. జేపెగ్గు అనే రకం వడియం లాంటిదన్నారు. ఎండబెట్టి చిన్నది చేస్తుంది, ఎక్కువ చోటు పట్టదు. కానీ వడియాన్ని నానబెడితే మళ్లీ పిండి అవుతుందా? దిద్దిన ప్రతిసారీ మళ్లీ ఎండబెడితే ప్రతిసారీ కొంత పోతుంది. ఇంకో రకం పచ్చిపిండి లాంటిది. బరువు, బోలెడు చోటు తింటుంది, కానీ ఏదీ పోదు. స్కానర్ మీంచి వచ్చింది వచ్చినట్టు ఆ రకంలో దాచి, దానికి నకలు తీసి, నకలు మీదే పని చేయాలి. "అసలుది ముట్టుకోకు నాగమణీ. ఎంత తెలివైన చెయ్యి అయినా సరే." నాకు పేర్లు చదవడం రాదని ప్రతి ఫైలుకూ చిన్న బొమ్మ కనపడేలా పెట్టించారు. బొమ్మను చూసి పట్టుకునేదాన్ని.

మా అత్తకు నా పని గిట్టలేదు. మొగుడు పోయి ఏడాది తిరగలేదు, మిషన్లతో ఆడుకుంటోందని వీధిలో చాటేది. నేను ఆడుకోవడం లేదు. రోజూ మధ్యాహ్నం ఆయన రెండో సగం చేస్తున్నాను. వెలుగు కొంచెం తగ్గించి, బుగ్గ కొంచెం లోపలికి నెట్టి, మూతి ఒక పక్కకు లాగి. ఎన్ని చేశానో. ఒకటి మా మరిదిలా వచ్చేది. ఒకటి ఎవరో కండక్టర్‌లా వచ్చేది. పోయేకొద్దీ ఇంకో సంగతి మొదలైంది. పడుకుని కళ్లు మూసుకుంటే ఆయన కనపడేవాడు కాదు. కోటువాడు కనపడేవాడు. తిన్నని మూతితో, నీలిరంగు ముందు, నన్నెరగనట్టు చూసేవాడు. అన్నం తినేటప్పుడు గోడ మీద వాడే. భయమేసింది. మనిషి ఒకసారి పోయాడు, ఇప్పుడు నా చేతులతో నేనే రెండోసారి పంపిస్తున్నానా అని.

ఒకరోజు మధ్యాహ్నం మౌస్ వదిలేసి అక్కడే ఏడ్చాను. ఆమె తెర తొలగించుకుని వచ్చారు, చేతికి పెరుగన్నం అలాగే ఉంది. ఏమైందని అడిగితే, ఆయన ముఖం పోయిందమ్మా, ఎంత గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు అన్నాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, నేను చేసినవన్నీ ఒక్కొక్కటే మూసేశారు. మొదట స్కాన్ చేసిన ఫోటో తెరిచారు. ఎవరూ ముట్టుకోనిది. మొత్తం పెళ్లి గుంపు.

"తెలిసిన సగం చాలు," అన్నారు. "తెలియనిదాన్ని ఆ పొడుగాయన వెనకే ఉండనీ. ఇప్పుడు ముఖం చూడకు. మిగతాది చూడు."

ముఖం చూడకుండా ఇంకేం చూస్తాను? చూశాను. బకెట్టు ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఉంది. చిటికెన వేలు పిడికి తగలకుండా పైకి లేచి ఉంది. అన్నం ముద్ద కలిపినా, బీడీ పట్టుకున్నా, నా జడ పట్టుకుని లాగినా ఆ వేలు అలా లేచే ఉండేది. మామిడికాయల గంపలు మోసీ మోసీ ఎడమభుజం కిందికి జారి ఉంది. చొక్కా గుండీ ఒకటి లేదు. కోటు కోసం తలకాయ కత్తిరించుకుని, ఇదంతా పనికిరాదని మేమే పారేశాం. మనిషంతా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆయనా, బకెట్టూ, అడ్డమొచ్చిన ఆ తలా ఉండేంత మేర మాత్రం కత్తిరించి, చుక్కలు తట్టుకునేంత సైజులోనే ప్రింట్ తీసిచ్చారు. అరచేతిలో పడుతుంది. మా అత్త చూసి ఇదేం ఫోటో, దండ కూడా పట్టదు అంది. ఆమె కొడుకు ఆమె గోడ మీద ఉన్నాడు, నా మొగుడు నా ట్రంకు పెట్టెలో ఉన్నాడు. ఆ ఇంట్లో మేమిద్దరం వేరువేరు మనుషులను తలుచుకుని ఏడ్చాం.

కొన్నాళ్లకు ఫిల్ము లేని కెమెరా కొన్నారు సుభద్రమ్మగారు. మొదటిరోజు నా చేతికిచ్చారు. ఫిల్ము ఖర్చు లేదని టపటపా నొక్కొద్దన్నారు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి అప్పుడు నొక్కమన్నారు. ఓణీల ఫంక్షన్లకు నన్ను పిలిచేవాళ్లు కాదు, ముండమోపిది ముందు నిలబడితే అరిష్టమట. ఆమె వాళ్లతో వాదించలేదు. ముసలివాళ్ల ఫోటోలన్నీ నాకు అప్పగించారు. పింఛను కోసం వచ్చిన ప్రతి ముసలమ్మకూ కార్డుకు ముఖం తీశాక, ఇంకొకటి చేతులతో సహా తీసి దాచేదాన్ని. అది నేను కనిపెట్టింది కాదు, ఆమే చెప్పారు. "మీ ఆయన నేర్పిన పాఠం, నేను కూడా నేర్చుకున్నా" అన్నారు.

ఆ మొదటిరోజే ఆమెను తీశాను. ఊపిరి బిగబట్టే తీశాను. కానీ ఆమె "నన్నెందుకే, దండగ" అంటూ చెయ్యి అడ్డం పెట్టారు. ఫోటో నిండా అరచెయ్యే. వేళ్ల సందులోంచి కళ్లజోడు దారం, ఒక చెవి, అంతే. చెరిపేయమన్నారు. సరేనని నకలు చెరిపేశాను.

ఫోన్లలోకే కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. ఆమె ఖమ్మంలో తమ్ముడింటికి వెళ్లిపోయారు. అక్కడే చనిపోయిన సంగతి నాకు ఎవరూ కబురు చేయలేదు. ఆలస్యంగా తెలిసి వెళ్లాను. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. ఎవరో కుర్రాళ్లతో చేయించారట. ముడతలన్నీ తుడిచేసి, పౌడరు రాసినట్టు తెల్లగా చేసి, కళ్లజోడు తీసేశారు. ఎంత బాగా వచ్చిందో చూడండి అంది ఆమె మరదలు. బాగా వచ్చిందన్నాను. మంచినీళ్లు తాగి బస్సెక్కాను.

మా అత్త కూడా పోయింది. కోటు ఫోటోను ఆమెతోపాటే సాగనంపాం. ఇప్పుడు నా గోడ మీద రెండే ఉన్నాయి. బకెట్టు పట్టుకున్న చెయ్యి ఒకటి, వద్దని అడ్డం పెట్టిన చెయ్యి ఒకటి. పక్కింటి టీచరమ్మ ఫోన్‌లో ఇప్పుడు ఏదో ఉందట, కనపడని ముఖాన్ని అదే పూర్తి చేసి ఇస్తుందట. చేయనా మామ్మా అని అడిగింది. వద్దన్నాను. ఆ తల వెనక మూతి ఎటు వంగి ఉందో నాకు తెలుసు. ఆ వేళ్ల వెనక ఆమె ముక్కుతో నవ్వుతున్నారని నాకు తెలుసు. నేను పోయాక అవి ఉత్త చేతులు. నేనున్నన్నాళ్లూ మనుషులు.