కొట్టేసిన పేరు కనపడాలి

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన లైబ్రేరియన్ గారు పోయి నెల కావస్తోంది. చివరి ఏడాదిన్నర ఆయన పనిచేసింది మా ఊళ్ళో కాదు, గోదావరి మధ్య ఒక లంకలో. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి వస్తూ పంటు కోసం రేవు మెట్ల మీద కూర్చున్నారట. పంటు వచ్చింది, అందరూ ఎక్కారు, ఆయన లేవలేదు. గుండెపోటు అని రాశారు. డాక్టరు రాసింది తప్పని నేననను. కానీ అది సగమే.

నేను మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర లెక్కలు రాస్తాను. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా ఆ గ్రంథాలయంలోనే. మొదటిరోజు గుమ్మంలో నిలబడితే, “లోపలికి రండి, కాటాగారూ” అన్నారు. అప్పటికి నన్ను గారు అన్నవాళ్ళు లేరు. ఆయన మాత్రం పేపరు తిరగేసి పట్టుకునే ముసలాయన్ని కూడా అండీ అనే పిలిచేవారు.

ఈ శాసనసభ ఏర్పడిన వారంలోనే, ఆయన గ్రంథాలయం వరండా గోడకి నల్ల ఎనామిల్ వేసి దాని మీద తెల్ల ఎనామిల్‌తో ఒక బోర్డు రాశారు. ఎడమవైపు మన జిల్లా నుంచి గెలిచిన సభ్యులు, కుడివైపు మంత్రివర్గం, ఎవరికి ఏ శాఖ. మా నియోజకవర్గం సభ్యుడి పేరు పక్కన మాత్రం ఇంకో గడి గీశారు, ‘మన ఊరు వచ్చిన రోజు’ అని. సుద్దముక్కతో రాస్తే సరిపోతుంది కదా అని ఎవరో అన్నారు. ఐదేళ్ళు ఉండాల్సిన సభండి, వాన జల్లుకి పోకూడదు అన్నారు.

మంత్రి మారినా, శాఖ మారినా పాత పేరు చెరిపేవారు కాదు. మధ్యలో ఒక్క గీత గీసి, కొత్తది పక్కన రాసేవారు. రాశాక రోడ్డుకి వీపు పెట్టి, గొడుగు విప్పి గోడకి అడ్డం పట్టుకుని నిలబడేవారు. ధాన్యం లారీలు వెళ్తే దుమ్ము లేచి తడి అక్షరాలకి పట్టుకుంటుంది. ఆరేదాకా, అరగంటైనా, అలాగే నిలబడేవారు. అసెంబ్లీ నడిచే రోజుల్లో పేపరు పైకి చదివి, “మనాయన ఇవాళ కూడా నోరు విప్పలేదండి” అని చెప్పి మడిచేవారు. నవ్వేవారు కాదు.

ఆయన చేసిన తప్పు ఒకటుంది, అదీ చెప్పాలి. మంత్రుల ప్రమాణ స్వీకారం ముందురోజు సాయంత్రం మా ఎమ్మెల్యేకి మంత్రి పదవి ఖాయమని టీవీలో వచ్చింది. ఊళ్ళో మందుగుండు కాల్చారు, మడత కాజాలు పంచారు. పేపర్లో అచ్చయితే తప్ప బోర్డు ఎక్కించని మనిషి, ఆ సందడిలో ఎమ్మెల్యే పేరు మంత్రివర్గంలో రాసేశారు. శాఖ దగ్గర ఖాళీ ఉంచారు. మర్నాడు ప్రమాణం చేసినవాళ్ళలో ఆ పేరు లేదు. లైబ్రేరియన్ గారు గీత గీసి, పక్కన ‘ఇది నా పొరపాటు’ అని రాసి సంతకం పెట్టారు.

“మా ఎమ్మెల్యే గారు ఒక రాత్రి మంత్రిగా చేశారండి, మీ గోడ మీద” అని కొబ్బరి వ్యాపారి ఒకాయన వేళాకోళం ఆడితే వరండా అంతా నవ్వింది. ఆ మాట ఎమ్మెల్యే దాకా చేరింది.

రెండేళ్ళకి మంత్రివర్గంలో మార్పులు ఉంటాయన్న కబురు వచ్చింది. ఎమ్మెల్యే తరఫున కాంట్రాక్టులు చేసే ఆయన ఒకరోజు గ్రంథాలయానికి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఆ గీత అపశకునమన్నారండి సిద్ధాంతి గారు. అదున్నంతకాలం పదవి రాదంట. తుడిచెయ్యండి, మీకు పుణ్యం ఉంటది.”

“పుణ్యం సంగతి నాకు తెలీదండి. రాసింది నేను, తప్పు నాది. నా తప్పు నా సంతకంతో ఉండనివ్వండి.”

అతను వెళ్ళాక నేను కూడా ఆ మాటే అన్నాను. ఒక్క పేరే కదండీ, పోనివ్వండి అన్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. “తుడిస్తే తప్పు పోదండి, కాటాగారూ. ఎవరు చేశారో తెలీకుండా పోద్ది, అంతే” అన్నారు.

ఆ విడతలోనూ ఎమ్మెల్యేకి పదవి రాలేదు. నెల తిరక్కుండా లైబ్రేరియన్ గారిని లంకకి బదిలీ చేశారు. రిటైరవడానికి రెండేళ్ళు కూడా లేని మనిషి. గుండెకి స్టెంటు ఉంది, ఎండలో నడవొద్దని రాజమండ్రి డాక్టరు చెప్పి ఉన్నారు. రెండు బస్సులు మారి, పంటు దాటి, ఇసకలో రెండు మైళ్ళు నడవాలి. ముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదన్న కోపం గుమాస్తా జీతగాడి మీద తీర్చుకున్నారు. గోడ మీద గీతకి ఒక మనిషిని నడిపించి చంపారు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

మేమేం చేశాం? ఆ వరండా బల్ల మీద ఇరవై ఏళ్ళు పేపర్లు చదివినవాళ్ళం, ఒక్కరం కూడా వెళ్ళి ఇదేంటండీ అని అడగలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, బోర్డు చూసుకుని, మార్చాల్సింది మార్చి వెళ్ళేవారు. చొక్కా జేబులో బ్రష్షు, పాత పేపరు చుట్టి.

సంతాపసభ ఎమ్మెల్యే మనుషులే పెట్టారు. ముందురోజు ఆ కాంట్రాక్టరే మనుషుల్ని పెట్టి గోడకి సున్నం కొట్టించాడు. “పెద్దాయన సభ కదండీ, గోడ నీటుగా ఉండాలి” అన్నాడు. సున్నం పడకుండా నేను బల్ల పక్కకి జరిపాను. నేను చేసింది అదొక్కటే.

ఎమ్మెల్యే వచ్చాడు. గెలిచాక మా ఊళ్ళో అడుగు పెట్టడం అదే మొదలు. ఫ్లెక్సీలో లైబ్రేరియన్ గారి బొమ్మ చిన్నది, ఎమ్మెల్యేది పెద్దది. పోయినాయన తనకి గురువులాంటివారన్నాడు. తర్వాత లైబ్రేరియన్ గారి భార్యకి శాలువా కప్పబోయాడు. ఆవిడ లేచారు గానీ శాలువా పట్టుకోలేదు.

“మా వారి బోర్డేదండీ?” అన్నారు.

మైకులో వినపడింది. ఎమ్మెల్యే వెనక్కి తిరిగి తెల్లగోడ చూశాడు. గోడ బాగు చేయించామమ్మా అని ఎవరో అన్నారు. సభ అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, పాత పేపరులో చుట్టిన బ్రష్షు నా చేతిలో పెట్టారు. “మీరు రాస్తారు కదండీ” అన్నారు.

ఎనామిల్ మీద సున్నం నిలవదు. పోయిన వారం రెండు జల్లులు పడేసరికి పెచ్చులు పెచ్చులుగా లేచింది. మిగిలింది నేను ఆదివారం పొద్దున్న కొబ్బరి పీచుతో రుద్దాను. సభ్యులు వచ్చారు, మంత్రులు వచ్చారు, ఆ గీత వచ్చింది, దాని పక్కన ఆయన సంతకం వచ్చింది.

కాంట్రాక్టరు మోటారు సైకిలు ఆపాడు. “ఏంటండీ ఇది, కాటాగారూ? మీకెందుకండీ ఈ గొడవ?”

“ఒక గడి ఖాళీగా ఉండిపోయిందండి” అన్నాను.

అతని ముందే రాశాను. నా అక్షరాలు ఆయనవంత గుండ్రంగా రావు. ‘మన ఊరు వచ్చిన రోజు’ అన్నచోట తారీఖు వేసి, ‘లైబ్రేరియన్ గారి సంతాపసభకి’ అని రాసి, కింద నా సంతకం పెట్టాను. అతను ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ ఉండగా, మిల్లుకి వెళ్ళే ధాన్యం లారీ ఒకటి మలుపు తిరిగింది. నేను రోడ్డుకి వీపు పెట్టి, గొడుగు విప్పి గోడకి అడ్డం పట్టుకున్నాను.