బాపు రెండో పేరు

మా బాపుకు రెండు పేర్లు ఉండేవి. ఒకటి వాళ్లమ్మ పెట్టింది, రెండోది బొగ్గుబాయి హాజరు పట్టీలో, అంటే మస్టరులో ఉన్నది. మస్టరులోని పేరు నిజానికి మా ఊరి మనిషిది. నౌకరి వచ్చింది అతనికే. ఒక్క రోజు బాయిలోకి దిగి, ఆ చీకటికి భయపడి, కాగితాలు బాపు చేతిలో పెట్టి ఊరికి వెళ్లిపోయాడు. మరుసటి షిఫ్టులో ఆ పేరు పిలిస్తే బాపు పలికాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు పలుకుతూనే ఉన్నాడు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలోనే అలాంటివాళ్లు ఇంకో ఇద్దరు ఉండేవారు. అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టరు. మనిషిని పేరుతో కాకుండా అన్నా, కాకా, బావా అని పిలవడంలో మర్యాదతో పాటు ఈ జాగ్రత్త కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక్క విషయంలో మాత్రం బాపు మొండికేశాడు. నన్ను బడిలో వేసినప్పుడు తండ్రి పేరు దగ్గర తన సొంత పేరే రాయించాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వద్దంటే, "నౌకరి ఇంకొకని పేరు మీద చేస్త గని, నా కొడుకు నా పేరు మీదనే ఉండాలె" అన్నాడట.

తెలంగాణ ఇంకా రాని రోజుల్లో నాకు జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసాకు తండ్రి జీతం సర్టిఫికెటు కావాలి. దాని మీద ఒక పేరు, నా పాస్‌పోర్టులో ఇంకో పేరు. హైదరాబాదులో వీసా ఫైళ్లు తయారుచేసే మనిషి రెండింటినీ పక్కపక్కన పెట్టి నవ్వాడు.

"ఏం తమ్మీ, నీకు నాయినలు ఎందరు?"

నేను చెప్పింది విని, రెండు పేర్లూ ఒక్క మనిషివే అని అఫిడవిట్ చేయించి, దాని మీద కంపెనీ ముద్ర వేయించుకురమ్మన్నాడు.

ఇంట్లో ఈ మాట చెబితే, అన్నం కలుపుతున్న బాపు చెయ్యి ఆగింది.

"ఆ కాయితం జేస్తే నా పని ఖతం బిడ్డ. ఏడాదిన్నరల రిటైర్ అయిత. అప్పటిదాంక ఆగు."

"సీటు ఆగదు బాపు. ఎప్పుడో చేసినదాన్ని ఇప్పుడెవలు అడుగుతరు?"

అవ్వ అంది: "అడిగెటోళ్లు లేక కాదురా. అడిగేటట్టు ఇన్నేండ్లు ఎవ్వలు చెయ్యలే."

మూడో రోజు బాపు ఫస్ట్ షిఫ్టుకు వెళ్లాక నేను నోటరీ దగ్గరికి వెళ్లాను. అఫిడవిట్ రెండు కాపీలు చేయించి, వాటి మీద రెండు పేర్లతో సంతకాలు నేనే పెట్టాను. ఆ చేతిరాత చిన్నప్పుడు ఆటకు నేర్చుకున్నది. సంతకం చేసిన మనిషి ఎక్కడని నోటరీ అడగలేదు.

అక్కడి నుంచి కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. పెద్ద గుమాస్తా బాపుకు పాత దోస్తు. కాగితాన్ని రెండుసార్లు చదివి, అద్దాలు తీసి, తలుపు వైపు చూశాడు.

"ఇది మీ బాపుకు ఎరుకేనా?"

"ఎరుకే కాక."

"తీస్కపో బిడ్డ. నువ్వు తేలే, నేను సూడలే."

"ముద్ర కావాలె కాక."

"నా బల్ల మీద ఉన్నదంటే రిజిస్టర్ల ఎక్కియ్యాలె. ఒక్కసారి నంబరు వడ్డంక అది నా చేతిల ఉండదు."

ఆయన వేలు కాగితాన్ని నా వైపు నెడుతూనే ఉంది. నేను తీసుకోకుండానే బయటికొచ్చాను.

పది రోజులు ఏమీ జరగలేదు. కానీ బాయిలోకి దిగేముందు దీపాలిచ్చే గదిలో బాపుకు దీపం అందించే మనిషి ఆయన మొహం చూడడం మానేశాడు. బాపు లాంటి ఆ ఇద్దరూ మా గుమ్మం ముందు నుంచి నడవకుండా వెనక సందులోంచి డ్యూటీకి వెళ్తున్నారు. అవ్వ గమనించింది. "ఏందో అయితాంది" అంటుంటే నేను పుస్తకంలో తల పెట్టుకున్నాను.

పదకొండో రోజు బాపుకు ఎంక్వైరీ కాగితం వచ్చింది. నన్నూ రమ్మన్నారు. ఆ మరుసటి వారమే చెన్నైలో నా వీసా ఇంటర్వ్యూ.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. బాపును బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను ముందు పిలిచాడు.

"ఈ సంతకాలు మీ నాన్నవేనా? నువ్వు పెట్టి ఉంటే ఇప్పుడే చెప్పు. అప్పుడిది దొంగ కాగితం అవుతుంది, తప్పు నీది అవుతుంది. ఆయన మీద మాకింక వేరే ఆధారం లేదు."

అంతకంటే తేలికగా ఎవరూ నాకు దారి చూపలేరు. కానీ అదే అఫిడవిట్ రెండో కాపీ నా వీసా ఫైలులో ఉంది. తలుపు తెరిచే ఉంది. బయట బాపు తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆయనవే సార్" అన్నాను.

బాపును లోపలికి పిలిచి కాగితం చూపించారు. తను పెట్టని సంతకాలను ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నాయే సార్" అన్నాడు.

నెల తిరగకుండా నౌకరి పోయింది. నాకు వీసా వచ్చింది. చెన్నైలో ముద్ర లేని ఆ కాగితాన్ని పక్కకు పెట్టారు. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కంపెనీ మా బాపును తీసేసిందని చాలామందికి చెప్పుకున్నాను, అదీ కోపంతో. తీసేసింది నేను.

వెళ్లే ముందు ఒక పొద్దున సైరన్ మోగగానే బాపు అలవాటుగా లేచి, బూట్ల దాకా వెళ్లి, తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. తండ్రి పేరున్న పేజీ తీసి, అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు. తర్వాత వీసా అంటించిన పేజీ తిప్పాడు.

"దీంట్ల నా పేరు ఏడున్నది?"

"దాంట్ల ఉండదు బాపు. నాదొక్కటే ఉంటది."

"గట్లనా" అని పాస్‌పోర్టు మూసి నా చేతికిచ్చాడు.