కంప్యూటరు చెడిపోని ఏడాది

మా ఇంట్లో కంప్యూటరు చెడిపోయి ఏడాది దాటింది. అంటే, ఏడాదిగా అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఏ చిన్న మేలు జరిగినా ముందు దేవునికి స్తోత్రం చెప్పుకోవడం నాకు అలవాటు. ఈ ఒక్క మేలు విషయంలో మాత్రం ఆ స్తోత్రం ఇంకా గొంతులోనే ఉంది. ఎందుకో రాస్తాను.

పెద్దాపురంలో మాది రెండు గదుల పెంకుటిల్లు. చిన్నతనంలో పోలియో వచ్చి కాలు పడిపోవడంతో నేను బడి గుమ్మం ఎక్కలేదు. నాన్నగారే నా బడి. పగలంతా ఊళ్ళో పిల్లలకు చెప్పిన పాఠాన్ని సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పేవారు. చెప్పడం అయ్యాక పుస్తకం మూసేసి, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అనేవారు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ వచ్చినట్టే ఉంటుందనీ, మూశాక నోట్లోంచి వచ్చిందే నిజంగా వచ్చినదనీ ఆయన నమ్మకం. ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే.

ప్రతి వారం మా చర్చి ఆరాధన కాగితం నేనే టైపు చేసి ప్రింటు తీస్తాను. పాటల నంబర్లు, వాక్యభాగాలు, చివర కృతజ్ఞతల జాబితా. మా చర్చిలో ఎవరికి ఏ మేలు జరిగినా ఒక కవరు మీద అదేంటో రాసి కానుకతో ఇస్తారు. ఆదివారం పాస్టరు అయ్యగారు దాన్ని చదివి ప్రార్థన చేస్తారు. బోరులో నీళ్ళు పడినందుకు. కోడలికి సుఖప్రసవం అయినందుకు. తప్పిపోయిన గేదె దొరికినందుకు. సంఘంలో అందరి మేళ్ళూ నా వేళ్ళ మీదుగానే చర్చిలోకి వెళ్తాయి. అందుకు నాకు సంతోషమే. కానీ ఆ వివరాలు తెచ్చేవాళ్ళు గుమ్మం దగ్గరే కాగితం చేతిలో పెట్టి, వందనాలండి అని వెళ్ళిపోతారు.

లోపలికి వచ్చి కూర్చునేది ఒక్కావిడే. కంప్యూటరు బాగుచేసే ఆవిడ.

ఆవిడది సామర్లకోట. భర్తతో కలిసి ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటరు నడిపింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అది మూతపడి, భర్త వేరే పనిలో చేరితే, ఈవిడ స్కూటీ మీద ఇళ్ళకు తిరుగుతూ మిషన్లు బాగుచేయడం మొదలుపెట్టింది. సంచిలో స్క్రూడ్రైవర్లతో పాటు దుమ్ము దులపడానికి గోడకు రంగు వేసే బ్రష్షు ఒకటి ఉండేది.

మా కంప్యూటరు అప్పట్లో రెండు మూడు వారాలకోసారి పడకేసేది. క్వైరు వాళ్ళు పాటలని తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉండేది. లేకపోతే సరిగ్గా ప్రింటు తీయాల్సిన శనివారంనాడే అప్‌డేటు మొదలై మధ్యలో బిగుసుకుపోయేది. ఫోన్ చేస్తే ఆవిడ వచ్చేది. ఏదో ఒకటి నొక్కి కూర్చునేది. ఇక తెర మీద చక్రం తిరుగుతూ ఉండడమే. సరిగ్గా ఒక మినప్పిండి దిబ్బరొట్టె సన్నని సెగ మీద రెండు వైపులా కాలడానికి పట్టేంతసేపు తిరిగేది. ఆ చక్రం తిరిగినంతసేపూ మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం. ఏ ఇంట్లో కాఫీ ఇస్తారో, ఏ ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగి తాగాలో చెప్పేది. దసరాకి ఎవరో సీపీయూకి బొట్లు పెట్టి, దాని నెత్తిన బెల్లం నైవేద్యం పెట్టారట. వారం తిరక్కుండా లోపలంతా చీమలు. ఆవిడ చెబుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వు.

పోయిన ఏడాది తెర మీద ఒక ప్రకటన వచ్చింది. మా దాంట్లో ఉన్న, అందరూ వాడే సిస్టమ్‌కి ఇక రక్షణ ఉండదట. కొత్తది వేద్దామంటే మా పాత మిషన్‌లో ఎక్కదట. ఆవిడ వచ్చి చూసి చాలాసేపు మెడ రుద్దుకుంది.

"కొత్తది కొనండని చెప్పొచ్చండి. కానీ మీది రాయిలా ఉందండి, పారేయమనడానికి నోరు రావట్లేదు. దాని బదులు లినక్స్ అని ఇంకో సిస్టమ్ వేస్తాను. వైరస్సుల గొడవుండదు, బిగుసుకుపోవడాలుండవు. ఒకటే ఇబ్బందండి."

"ఏంటండి?"

"ఇంక నన్ను పిలవాల్సిన పనుండదు."

ఇద్దరం నవ్వుకున్నాం. 

వెంటనే వేసేయలేదు. ముందు పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూపించి, నచ్చితేనే ఎక్కిస్తానంది. నాకు నచ్చింది. తెలుగు కీబోర్డు దాంట్లోనే ఉంది. ప్రింటరును ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది. కొత్తగా ఏదైనా చేర్చబోతే పాస్‌వర్డు అడుగుతుంది. గుమ్మంలో ఆపి ఎవరండీ మీరని అడిగినట్టు. ఇది ఏ కంపెనీదని అడిగితే, ఒక కంపెనీ సొత్తు కాదనీ, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలారనీ చెప్పింది. ముఖం తెలియని ఆ మనుషుల కోసం ఆ సాయంత్రమే ప్రార్థన చేసుకున్నాను.

చర్చిలో సంగతి తెలిసి సంఘపెద్ద ఒకాయన ఆటపట్టించారు. "ఉచితంగా వచ్చింది ఎన్నాళ్ళుంటుందండి?"

"కృప కూడా ఉచితంగానే వచ్చింది కదండి," అన్నాను.

ఆయన నవ్వేసి, తన కంప్యూటరుకి కూడా అది సరిపోతుందేమో కనుక్కోమన్నారు.

నెల గడిచింది. రెండు నెలలు. శనివారం కాగితం టైపు చేస్తే ప్రింటు వచ్చేసేది. అప్‌డేటు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. కంప్యూటరు ముందు కూర్చుని ఎదురుచూడాల్సినదేమీ మిగల్లేదు. దిబ్బరొట్టె వేసుకుంటే ఒక్కదాన్నే తినలేక సగం మర్నాటికి ఉండిపోయేది. పనిచేసే కంప్యూటరు వైపు చూస్తూ, కాస్త మొరాయించకూడదా అని ఒకరోజు మనసులో అనుకున్నాను. అనుకుని సిగ్గుపడ్డాను.

ఆషాఢంలో మా ఊరి అమ్మవారు మరిడమ్మ జాతర మొదలైంది. ఆవిడ ఏటా ఒకరోజు గుడికి వస్తుందని నాకు తెలుసు. ఆ రోజు ఉదయం నేల మీద చతికిలబడి, బల్ల వెనక్కి చెయ్యి పెట్టి, స్పీకరు కేబులు లాగేశాను. తర్వాత ఫోన్ చేసి, సౌండు రావట్లేదండి అన్నాను.

మధ్యాహ్నానికి వచ్చింది, నుదుటిమీద ఇంత కుంకుమతో. చేతిలో జీళ్ళ పొట్లం. "గుళ్ళో పెట్టినవి కాదండి అక్కగారూ, కొట్లో కొన్నవే," అని నా చేతికిచ్చింది. అంత ఆలోచించి తెచ్చిన మనిషి ముందు నేను అబద్ధంతో కూర్చున్నాను.

బల్ల వెనక్కి వంగింది. కాసేపు లేవలేదు. తర్వాత టక్కున చప్పుడైంది, స్పీకర్లోంచి పాట వచ్చింది.

"తుడిచేటప్పుడు ఊడిపోయుంటుందండి," అంది.

"అయ్యుంటుందండి," అన్నాను. రెండో అబద్ధం.

పొయ్యి మీద రొట్టె అప్పుడే పెట్టాను. కానీ తెర మీద తిరిగే చక్రం లేదు. ఎదురుచూడడానికి ఏమీ లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు రాలేదు. ఎండ మండిపోతోందండి అంది. అవునన్నాను. ఇంకా రెండిళ్ళున్నాయండి అని లేచింది. రొట్టె ఒక వైపే కాలింది.

పోయిన నెలతో లినక్స్ వేసి ఏడాది నిండింది. కృతజ్ఞత కవరు తీసి, కంప్యూటరు ఏ ఆటంకం లేకుండా పనిచేసినందుకు అని రాయబోయాను. నాన్నగారు పుస్తకం మూసేయడం గుర్తొచ్చి కవరు బోర్లించి, కళ్ళు మూసుకుని, దేనికి కృతజ్ఞతో నోటితో చెప్పబోయాను. ఆవిడ రావట్లేదు ప్రభువా, అని వచ్చింది.

అప్పటికప్పుడే ఫోన్ చేశాను. కంప్యూటరు బాగానే ఉందని ముందే చెప్పాను.

"ఆ రోజు కేబులు నేనే లాగానండి."

బండ్ల మోతలో ఆవిడ స్కూటీ పక్కకు ఆపిన చప్పుడు వినపడింది.

"తెలుసండి," అంది. "అక్కడ దుమ్ములో మీ వేళ్ళ గుర్తులున్నాయి."

తుడిచిన చోట దుమ్ము ఉండదు కదా. తుడిచేటప్పుడని నా కోసం అందన్నమాట.

"మరి అడగలేదేంటండి?"

"మీరు చెప్పలేదు కదండి."

పని లేకపోయినా ఒకసారి రమ్మన్నాను. అడగడానికి చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఆవిడ, పని లేకుండా ఒకరింట్లో కూర్చోవడం తనకు చేతకాదనీ, కాళ్ళు నిలవవనీ చెప్పింది. చూద్దామండి అంది. మనవైపు చూద్దామంటే ఏమిటో నాకు తెలుసు. ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. నిజం చెప్పినందుకు మనసు తేలికపడాలి, పడింది కూడా. ఇల్లు మాత్రం అలాగే ఉంది.

ఈ ఉదయం గుమ్మం ముందు ఆవిడ స్కూటీ ఆగింది. కాళ్ళ దగ్గర ఒక పాత సీపీయూ, తాడుతో కట్టి ఉంది. ఎవరిదో ట్యూషన్ చెప్పే టీచరుగారిదట.

"దీనికీ మీ దాంట్లో ఉన్నదే వేయాలండి. నాకు తిరగడానికే సరిపోతోంది. అప్పుడు పక్కనే కూర్చుని చూశారు కదా, మీరు వేయగలరా? శుక్రవారం వచ్చి తీసుకెళ్తాను."

వేస్తానన్నాను. సీపీయూని వరండాలో దించి, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, బండి దిగినంత తొందరగానూ ఎక్కి వెళ్ళిపోయింది. లోపలికి రాలేదు.

పక్కింటావిడ సాయం పట్టి దాన్ని బల్ల దగ్గర పెట్టింది. ఒక్కో మెట్టూ చదువుకుంటూ చేశాను. మధ్యాహ్నం భోజనం వేళకే అయిపోయింది. సరిగ్గా ఎక్కలేదండి, ఒకసారి వచ్చి చూడండి అనవచ్చు. రేపే వస్తుంది. తెర వైపు చూస్తూ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత ఫోన్ చేసి, అయిపోయిందండి, బాగా నడుస్తోంది అని చెప్పాను.

"అప్పుడేనాండి?" అంది. "నేను మాత్రం శుక్రవారమే వస్తానండి అక్కగారూ. ఆ పూట వేరే ఇళ్ళేం పెట్టుకోలేదు."

ఈవేళ మంగళవారం. ఆ సీపీయూని మాదాని పక్కనే ఉంచి గుడ్డ కప్పాను. కవరు ఇంకా బోర్లించే ఉంది. దాని మీద ఏం రాయాలో శుక్రవారం సాయంత్రం చూసుకుంటాను. గురువారం మరిచిపోకుండా మినప్పప్పు నానబెట్టాలి.